అరికాళ్ళ సోయి

పొద్దున్నే జొన్నరొట్టెలు కాల్చి, తనకు కావలసినవి గుడ్డలో కట్టుకుని, కొడవలి చేతపట్టుకుని ఎంకవ్వ కైకిలి పనికి బయలుదేరుతుంది. ఆమె సందు మలుపు తిరిగాక కూతురు కాజల్ తన చక్రాల కుర్చీని గడప దాకా తోసుకొచ్చి, వెలుతురు పడే చోట ఆపి, ఒళ్ళో చీర పరుచుకుని ఫాల్ కుట్టడం మొదలుపెడుతుంది. మహారాష్ట్ర అంచున ఉన్న ఆ కుండల్‌వాడి బజారులో చీర కొన్న ఆడవాళ్ళలో చాలామంది ఫాల్ కోసం వచ్చేది ఆమె దగ్గరికే. కుట్టు బయటికి కనబడకుండా కుడుతుందని పేరు.

కాసేపటికి పక్కింటి సంగవ్వ గోడ మీంచి తల పెట్టి అడుగుతుంది.

"మీ అవ్వ యాడిదాక పోయిందే, కాజల్?"

కాజల్ సూది ఆపి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది.

"ఇప్పుడే వాగుల దిగింది పెద్దవ్వా. చెప్పులు ఇడిసింది. పాదం మునిగేటన్ని నీళ్ళే ఉన్నయి. మస్తు సల్లగున్నయి."

"అట్లయితే నేను గూడ పోత. నిన్న బాగ పారుతున్నదంటే ఆగిన."

సంగవ్వ కొంగు బిగించుకుని వెళ్ళిపోతుంది. కాజల్ మళ్ళీ సూదిలో దారం సరిచేసుకుంటుంది. వాగు అవతలి ఒడ్డున మెత్తటి ఒండ్రు ఆమె కాలివేళ్ళ సందుల్లోంచి పైకి ఉబుకుతుంది. ఆ వేళ్ళు కుర్చీ కింది పలక మీద పొడిగా, కదలకుండా ఉంటాయి.

ఆ కాళ్ళు కదలక చాలా ఏండ్లయింది. బారవి, అంటే పన్నెండో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో, బిలోలి నుంచి వస్తుంటే షేర్ జీపు బోల్తా పడి ఆమె వెన్ను దెబ్బతిన్నది. ప్రాణం దక్కింది గాని నడుము కింద ఏమున్నదో కళ్ళతో చూసుకుంటే తప్ప తెలియకుండా పోయింది. చీమలు పాకినా, వేడి చాయ ఒలికినా అవి ఎవరివో కాళ్ళు అన్నట్టు ఉండేవి. తండ్రి ఆమె చిన్నప్పుడే పోయాడు. ఉన్నది తల్లి ఒక్కతే.

ఎంకవ్వకు చక్కెర రోగం బయటపడింది ఆ తర్వాత. మొదట వేళ్ళు తిమ్మిరెక్కాయి. తర్వాత అరికాళ్ళ కింద దూది పరిచినట్టయింది. ఆఖరికి చెప్పు ఎక్కడ జారిపోయిందో కూడా తెలియక ఒంటి చెప్పుతో ఇల్లు చేరేది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం గడపలో కూర్చున్న కాజల్ "అమ్మో, ముల్లు!" అని కేకేసింది. కుర్చీ పలక మీద ముల్లూ లేదు, ఏమీ లేదు. సాయంత్రం ఎంకవ్వ పత్తి చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే కుడి మడమలో తుమ్మముల్లు విరిగి కనబడింది. ఆమె దాన్ని బొటనవేలితో ఒత్తి చూసుకుంది.

"అబ్బా, ఒత్తకే అవ్వా!" అన్నది కాజల్ ఇంట్లోంచి.

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంకవ్వ మళ్ళీ ఒత్తింది, ఈసారి మెల్లగా. కాజల్ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

ఊళ్ళో దాన్ని ఎవరూ వింత అనుకోలేదు. ఒకరి బోరు ఎండితే పక్కచేను బావిలో నీళ్ళు ఊరడం చూసినవాళ్ళే అందరూ. ఎంకవ్వ కాళ్ళ స్పర్శ, ఆ సోయి, బిడ్డ కాళ్ళకు పోయిందట అనుకుని ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. "బయటోళ్ళకు పోలే, ఇంట్లనే ఉన్నది" అని సంగవ్వ సంతోషపడింది కూడా.

అప్పటినుంచి ఎంకవ్వ దారులు పొడుగయ్యాయి. మంచు పడిన రోజు కావాలని గడ్డిగట్ల మీద నడిచేది. సోయాబీన్ రాసులు పోసిన కళ్ళంలో పొట్టు మీద అడుగులేసేది. ఒకరోజు ఆమె ఇల్లు చేరగానే కాజల్ అడిగింది.

"బడి గ్రౌండుల నుంచి అచ్చినవా అవ్వా?"

"దగ్గరి తొవ్వ గదా అని అచ్చిన."

బడి ఊరికి ఆ చివర ఉంది. ఎంకవ్వ పనిచేసిన చేను ఈ చివర ఉంది. బళ్ళో చదివే రోజుల్లో తాను ఖోఖో ఆడిన ఎర్రమట్టి అది. ఆ మట్టిలో ఉండే సన్నటి గరుకు ఆమె అరికాళ్ళు గుర్తుపట్టాయి.

ఒకసారి మాటల మధ్యలో "గోదారి ఇసుక మీద నడిచి ఎన్నేండ్లాయెనో" అన్నది కాజల్. అని మరిచిపోయింది. ఎంకవ్వ మరవలేదు. ఎండాకాలంలో నది ఒడ్డు చేనులో ఉల్లిగడ్డ పీకే పని దొరికింది. మధ్యాహ్నం అందరూ చెట్టు కింద సద్ది తింటుంటే ఆమె చెప్పులు విడిచి ఇసుకలోకి దిగింది. సూర్యుడు నడినెత్తి మీద ఉన్నాడు. ఆమె కాళ్ళకు ఆ సంగతి తెలియదు. బిడ్డ ఎంత సంబరపడుతుందో అనుకుంటూ నీళ్ళ దాకా నడిచింది, అక్కడినుంచి తిరిగి వచ్చింది, చాలలేదనిపించి మళ్ళీ పోయింది.

ఇంట్లో కాజల్ చీరను పళ్ళమధ్య కుక్కుకుని "చాలవ్వా, బయటికి రా, చాలు" అని గోడలకు చెప్పుకుంటూ ఉన్నది. ఎంకవ్వ ఫోను ఇంట్లోనే గూట్లో ఉంది.

పొద్దుగూకేసరికి రెండు అరికాళ్ళ నిండా బొబ్బలు. కాజల్ తన మంట సంగతి దాచి, వాటికి మందు రాసి, గుడ్డ చుట్టి, "పనికి పోకు" అన్నది. ఎంకవ్వ రెండు పూటలు ఆగి మళ్ళీ పోయింది. బొబ్బలు పగిలాయి. కుడికాలు మానింది గాని ఎడమకాలి బొటనవేలి కింద పడిన పుండు మానలేదు. ఊళ్ళో కట్టు కట్టించారు, సూదులు వేయించారు. వాన పడేనాటికి ఆ వేలు నల్లబారింది.

అప్పుడు నాందేడ్ నుంచి భీమ్‌రావు వచ్చాడు. ఎంకవ్వకు తమ్ముడు, కాజల్‌కు మేనమామ. అక్కడ ఆటో నడుపుతాడు. అక్క కాలు చూశాడు. ఇద్దరినీ ఆటోలో కూర్చోబెట్టి, చక్రాల కుర్చీని మడిచి టాపు మీద తాళ్ళతో కట్టి, ఆ పూటే నాందేడ్ తీసుకుపోయాడు.

అక్కడి ఒక ట్రస్టు దవాఖానలో పాదాల డాక్టర్ శుభాంగి అని ఒకామె. మాట కరుకు, చెయ్యి మెత్తన. ఆమె ఎంకవ్వను బల్ల మీద పడుకోబెట్టి, సన్నటి నైలాన్ పోగుతో అరికాలిని అక్కడక్కడ తాకుతూ, అమ్మా అన్నట్టు ఆయీ అని పిలుస్తూ మరాఠీలో అడిగింది.

"తెలుస్తుందా ఆయీ? ఇక్కడ? ఇక్కడ?"

"ఏం తెల్వది" అన్నది ఎంకవ్వ.

"చిటికెన వేలి కింద" అన్నది కాజల్, కిటికీ వైపు తిరిగి. "ఇప్పుడు మడిమె. ఇప్పుడు... మీరు తాకలే, తాకినట్టు చేసిండ్రు."

డాక్టర్ పోగు పక్కన పెట్టింది. కాజల్ కాళ్ళను, ఎంకవ్వ కాళ్ళను మార్చి మార్చి చూసింది.

"బరం, మంచిది. సోయి బిడ్డ దగ్గర ఉన్నదన్న మాట. అయితే పరీక్షకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ రావాలె."

తర్వాత ఆమె తిన్నగా చెప్పింది. పుండు లోతుకు పోయింది. ఇట్లాగే వదిలేస్తే వేలు, ఆ తర్వాత పాదం తీసేయవలసి వస్తుంది. చక్కెర అదుపులో పెట్టాలి, పుండులో చచ్చిన కండ తీసి రోజూ కట్టు మార్చాలి, ఆ కాలి మీద బరువు వేయకూడదు. వీటితోపాటు ఆక్సిజన్ గదిలో కొన్ని వారాలు కూర్చోబెడతామన్నది.

"నీళ్ళల్ల లోతుకు దిగితే మీద ఎట్ల ఒత్తిడి పడుతదో, ఆ గదిల గాలి ఒత్తిడి అట్ల పెంచుతం. లోపల కూసుని మాస్కుతోని ఆక్సిజన్ పీల్చాలె. రక్తం సరిగ అందని జాగకు గూడ ఆక్సిజన్ చేరుతది. పుండు మానుతదని నా నమ్మకం."

"మరి నరాలకు?" అన్నాడు భీమ్‌రావు.

"నరాల సంగతి నేను మాటియ్య. ఒకరికి కొంచెం సోయి తిరిగి వస్తది, ఇంకొకరికి రాదు. దానికని కూసోబెడ్తలేను. పుండు కోసం కూసోబెడ్తున్న."

కాజల్ ఆ మరాఠీ మాటలను తల్లికి తెలుగులో చెప్పింది, ఒక్కటీ దాచకుండా. ఎంకవ్వ అంతా విని, కొంగు సర్దుకుని అడిగింది.

"ఒకయాళ సోయి తిరిగి అస్తే, ఎవలకు అస్తది? నాకా, బిడ్డకా?"

కాజల్ ఆ మాటను మరాఠీలో చెబితే డాక్టర్ జవాబిచ్చింది. "ఎవరి సొమ్ము వాళ్ళకే పోతది అనుకుంట ఆయీ."

"అయితే నాకు వద్దు" అని ఎంకవ్వ బల్ల దిగింది.

భీమ్‌రావు ఇంటి వరండాలో ఆ సాయంత్రం చాలాసేపు మాటలు నడిచాయి. భీమ్‌రావు భార్య సుశీలాబాయి చాయ పెట్టి ఇచ్చింది. ఎవరూ తాగలేదు.

"కాలు తీసేస్తే ఎట్లవ్వా?" అన్నది కాజల్.

"తీసేస్తే తీసేయనీ. ఇంకొకటి ఉంటది గదా. ఒక్క కాలుతోనన్న నువ్వు నడుస్తవ్."

"నువ్వెట్ల నడుస్తవ్?"

"కట్టె పట్టుకుని నడుస్త. నాకేంది? నేను నడిచింది చాలు."

కాజల్ మామూలుగా మాటకు మాట అందించే పిల్ల. కాని ఈసారి ఆమె మనసులోనే ఒక మూల, ఎవరికీ చెప్పుకోలేని మూల, తల్లి మాటకు ఊరట పడింది. జీపు బోల్తాపడ్డాక ఆమె తన కాళ్ళను పక్కింటి సామానులాగే చూసుకుంది. వాటిలోకి మళ్ళీ లోకం వచ్చింది. దాన్ని వాపసు ఇచ్చేయమంటే ఎవరికైనా మనసు ఒప్పదు. ఆ మూలను ఆమె చూసింది, చూసి సిగ్గుపడింది. అయినా ఆ గదిలో కూర్చోమని తల్లిని బతిమాలలేదు.

మర్నాడు కట్టు మార్చడానికి మళ్ళీ దవాఖానకు పోయారు. తెర వెనక బల్ల మీద ఎంకవ్వ పడుకుంది. నర్సు కత్తెరతో పుండులోని చచ్చిన కండను తీస్తూ ఉంది. ఎంకవ్వ హాయిగా ఆమెకు పుంటికూరలో శనగపప్పు ఎప్పుడు వేయాలో చెబుతూ ఉంది. తెలుగు రాని నర్సు తలూపుతూ ఉంది. తెర ఇవతల కాజల్ కుర్చీ చక్రాలను రెండు చేతులా పట్టుకుని, ఓణీని పళ్ళమధ్య నొక్కి, చెమటలో ముద్దయిపోతూ ఉంది. కత్తెర చచ్చిన కండ దాటి పచ్చికండను తాకినప్పుడల్లా ఆమె వెన్ను విల్లులా వంగుతోంది.

భీమ్‌రావు అది చూసి తెర పక్కకు లాగాడు.

"అక్కా, జర ఇటు చూడు."

ఎంకవ్వ తల తిప్పింది. పుంటికూర మాట నోట్లోనే ఆగిపోయింది.

"ఎప్పటిసంది గిట్ల ఉన్నది బిడ్డా?"

కాజల్ ఓణీ తీసి మూతి తుడుచుకుంది. "ఇసుక మీద నడిచిన కాడినుంచి. కొంచెమే అవ్వా. తట్టుకుంటున్న."

"ఆ రోజే జెప్పద్దా?"

"జెప్తే నువ్వు మళ్ళ నడువవు గదా."

ఎంకవ్వ కండ్లలోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. తర్వాత లేచి కూర్చుని, నర్సు చెయ్యి పట్టుకుని, తనకు వచ్చిన కొద్దిపాటి మరాఠీలో గట్టిగా అడిగింది.

"ఆ గాలి గదిల ఎప్పుడు కూసోవాలె?"

ఆ గది చూడటానికి నీళ్ళ ట్యాంకర్‌లా ఉంది. ఇనుప గోడలు, గుండ్రటి అద్దాల కిటికీలు, లోపల ఎదురెదురుగా రెండు బెంచీలు. దాన్ని నడిపేవాడు మంగేశ్. నూలు బట్టలే కట్టుకోవాలి, తలకు నూనె రాయకూడదు, ఫోను, అగ్గిపెట్టె ఏదీ లోపలికి తేకూడదు అని తలుపు దగ్గర నిలబడి అందరి చేతులూ, జేబులూ చూసేవాడు. తలకు నూనె లేకుండా బయటికి రావడం ఎంకవ్వకు అన్నిటికంటే పెద్ద కష్టమయింది. ఆమెకు మరాఠీ అంతగా రాదని కాజల్‌ను తోడుగా లోపలికి రానిచ్చారు. మంగేశ్, భీమ్‌రావు చెరో పక్క పట్టి కాజల్‌ను బెంచీ మీద కూర్చోబెట్టారు.

తలుపు మూసి గాలి ఒత్తిడి పెంచుతుంటే చెవులు దిబ్బడేశాయి.

"గుటకలు మింగవ్వా. ముక్కు పట్టుకుని గాలి ఊదు. కిన్వట్ ఘాట్ ఎక్కేటప్పుడు ఐతది సూడు, గట్లనే."

"నేను ఘాట్ ఎప్పుడెక్కిన్నే?" అన్నది ఎంకవ్వ మాస్కు లోంచి. ఎదుటి బెంచీ మీది పెద్దమనిషి నవ్వాడు. నాగనాథ్ అని, మహారాష్ట్ర సర్కారు వారి ఎస్టీ బస్సు డ్రైవర్‌గా చేసి మానేసినవాడు. బిలోలి వైపు బండి నడిపి నడిపి తెలుగు నేర్చుకున్నాడు. కుడికాలికి బ్రేకు ఎంత లోతుకు దిగిందో తెలియకుండా పోయిన రోజు, బస్సు పక్కకు ఆపి తాళాలు తానే ఇచ్చేసి వచ్చాడట. ఇప్పుడు ఆ కాలికే మానని పుండు.

వారాలు గడిచాయి. పుండు అంచులు గులాబీ రంగుకు తిరిగాయి. డాక్టర్ శుభాంగి వంగి చూసి "హం" అనేది. అది ఆమె సంతోషం. సుశీలాబాయి వదినకు రొట్టె కొలిచి పెట్టేది, అన్నం అడిగితే కసిరేది. చక్కెర దిగింది. వట్టికాళ్ళతో నడవకూడదు కాబట్టి ఎంకవ్వ ఇప్పుడు కాజల్ కోసం నడవలేకపోయింది. అయితే ఒక పని చేసేది. మధ్యాహ్నం వరండాలో బాగున్న కుడికాలిని బిడ్డ ఒళ్ళో పెట్టేది. కాజల్ ఆ పాదాన్ని తన చేతులతో తడిమేది. తన చేతుల వెచ్చదనం తన అరికాలికే తెలిసేది. సుశీలాబాయి జొన్నపిండి పిసుకుతుంటే ఒక ముద్ద అడిగి తీసుకుని, తల్లి మడమకు అదిమి, కళ్ళు మూసుకుని కూర్చునేది. గోరువెచ్చగా, జిగటగా, మెత్తగా. ఇట్లాంటివి గుర్తు పెట్టుకోవాలని ఆమె వేలు వేలుకూ చెప్పుకుంది.

ఒకరోజు గదిలో ఒత్తిడి నిండుగా ఉన్నప్పుడు ఎంకవ్వ ఉలిక్కిపడి మాస్కు పట్టుకుంది.

"ఏమైంది?" అన్నది కాజల్.

"కింద ఇనుము... సల్లగున్నది."

అదే క్షణంలో కాజల్ కుడి మడమ ఖాళీ అయిపోయింది. దీపం మీద చెయ్యి పెట్టి ఆర్పినట్టు.

తర్వాత రోజుల్లో మిగతాది కూడా కొంచెం కొంచెంగా వెళ్ళిపోయింది. ఎంకవ్వకు అది సుఖంగా రాలేదు, సూదులు గుచ్చినట్టు, మిరపకాయ రాసినట్టు వచ్చింది. "మండుతున్నదే, ఓ మండుతున్నదే" అని ఆమె మూలిగేది. నరాలు మేలుకునేటప్పుడు అట్లా ఉంటుందని డాక్టర్ చెప్పింది. కొన్ని వేళ్ళు మేలుకోనే లేదు. అవి అటు తల్లి దగ్గరా లేవు, ఇటు బిడ్డ దగ్గరా లేవు. కాజల్ ఏడవలేదు. మూలుగుతున్న తల్లి వీపు నిమిరి "మండనీ అవ్వా, నీదే గదా" అన్నది. ఆ మాట అనగలిగినందుకు ఆమెకే తన మీద గౌరవం కలిగింది. వరండాలో కుర్చీ పలక మీద కాళ్ళు మళ్ళీ పక్కింటి సామానులా ఉన్నాయి. వాటిని చీర కుచ్చిళ్ళతో కప్పి ఆమె చేతిపని తెమ్మన్నది. భీమ్‌రావు బజారులో ఫాల్ కుట్టే చీరలు అడిగి తెచ్చాడు.

పుండు పూర్తిగా మానేదాకా ఎంకవ్వ గదిలో కూర్చోవాలి. కాజల్ తోడు వెళ్తూనే ఉంది. అట్లా ఒకరోజు ఒత్తిడి పెరిగి చెవులు విప్పుకునేసరికి ఆమె కుడికాలు బరువెక్కింది.

అది అవ్వ కాలు కాదు. అవ్వ పాదం చిన్నది, వేళ్ళు విడివిడిగా ఉంటాయి. ఇది పెద్దది, వెడల్పుది. బొటనవేలి కింద ఏండ్ల తరబడి దేన్నో తొక్కి తొక్కి గట్టిపడిన కాయ. ఆమె తలెత్తి చూసింది. ఎదుటి బెంచీ మీద నాగనాథ్ కళ్ళు మూసుకుని ఆక్సిజన్ పీలుస్తున్నాడు. కుడిపాదాన్ని నేల మీద మెల్లగా ఆడిస్తున్నాడు. ఆడించినప్పుడల్లా ఇనుప నేల ఆమె అరికాలికి రాసుకుంటోంది.

కాజల్ ఎవరితోనూ అనలేదు. ఊపిరి బిగబట్టి కూర్చుంది.

బయటికి వచ్చాక అందరూ చెప్పులు వేసుకుంటున్నారు. నాగనాథ్ కట్టు మీద మేజోడు తొడిగి, దవాఖానవాళ్ళు ఇచ్చిన మెత్తటి బూటులో కాలు దూర్చి లేచి నిలబడ్డాడు. కాజల్ కుర్చీలో కెవ్వుమన్నది.

"కాకా, ఆగుండి! అడుగు ఎయ్యకుండి. బూటు ఇడువుండి!"

ఆయన తెల్లబోయి కూర్చున్నాడు. మంగేశ్ వచ్చి బూటు విప్పి తలకిందులు చేసి దులిపాడు. కిటికీ తలుపు సీల ఒకటి, మొన ఉన్నది, నేల మీద పడి గింగిర్లు తిరిగింది. బయటి హాలు కిటికీ మరమ్మతు చేస్తుంటే, విడిచిన బూటులో పడి ఉంటుంది. మేజోడు చిరిగింది గాని కాలికి ఏమీ కాలేదు. ఇంకో అడుగు వేస్తే మానుతున్న పుండులోకి దిగేది.

నాగనాథ్ ఆ సీలను, కాజల్‌ను చూశాడు.

"నా కాలు నీ దగ్గరికి వచ్చిందా బిడ్డా?"

"అచ్చింది కాకా."

"పోనీ, మంచి ఇంటికే వచ్చింది. జర జాగర్త, ఆ కాలుకు ఎక్సలేటర్ బదులు బ్రేకు తొక్కే అలవాటు ఉన్నది." ఆయన నవ్వుతూ ఆ సీలను జేబులో వేసుకున్నాడు.

డాక్టర్ శుభాంగికి ఆ సంగతి చేరింది. ఆమె సాయంత్రం రోగులంతా వెళ్ళాక కాజల్ దగ్గరికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఖాళీ జాగ ఉన్నదని తెలిస్తే సోయి వెతుక్కుంటూ వస్తున్నట్టున్నది. నీకు కష్టంగున్నదా?"

"నొప్పి ఉన్నది. కాని ఏం లేకుంటకంటే నొప్పే నయం మేడం."

"నొప్పి మొయ్యమని నేను అడుగుత లేను. మా దగ్గర పాదాలు చూసే గది ఉన్నది. కట్టు కట్టుడు, పోగుతోని పరీక్ష చేసుడు, రోజు అద్దం పెట్టి అరికాళ్ళు ఎట్ల చూస్కోవాల్నో జనాలకు చెప్పుడు. అన్నీ నేర్పిస్త. మా నర్సుకు తెలుగు రాదు. బిలోలి నుంచి, కిన్వట్ నుంచి వచ్చేటోళ్ళకు ఆమె ఏం చెప్తదో తెల్వది. నువ్వు నేర్చుకుంటవా?"

"నేర్చుకుంట" అన్నది కాజల్. అడగడమే ఆలస్యం అన్నట్టు అన్నది.

ఎంకవ్వ కాలు మానింది. వేలు దక్కింది. ఊరికి పోయే రోజు ఆమె ఆటో ఎక్కింది, మళ్ళీ దిగింది. "నిన్ను ఇడిసి ఎట్ల పోదునే? లేపుడెవరు, కూసోబెట్టుడెవరు?"

"అత్త ఉన్నది, మామ ఉన్నడు. గడప కాడ పలక ఏయించిండు, కుర్చీ నేనే తోలుకుంట. నువ్వు పో. చెప్పులు ఇడువకు."

"రోజు ఫోన్ జేస్తవా?"

"నువ్వే జెయ్యి. ఫోను గూట్ల పెట్టి పోకు."

ఎంకవ్వ బిడ్డ పాదాలు రెండూ తన అరచేతుల్లోకి తీసుకుని కాసేపు పట్టుకుంది. కాజల్‌కు ఏమీ తెలియలేదు. తెలిసినట్టు నవ్వలేదు కూడా. తల్లి తల మీద చెయ్యి వేసి, నూనె రాసిన జుట్టును నిమిరింది.

నాగనాథ్ సోయి తిరిగి వెళ్ళిన రోజు కాజల్ పాదాల గదిలో ఎవరికో కట్టు కడుతూ ఉంది. బయట భీమ్‌రావు ఆటోలో ఆ పెద్దమనిషి కుడికాలితో బ్రేకు తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కి, చిన్నపిల్లాడిలా అరుస్తున్నాడు. ఆమె కాలు తేలికైంది. కొన్నాళ్ళకు మరొకరిది వచ్చింది. మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే ఆయనది, తర్వాత గురుద్వారా లంగర్ వంటశాలలో రొట్టెలు చేసే ఒక పెద్దావిడది. ఆమె రోజూ తెల్లవారుజామున పాలరాయి మీద నడిచేది. చలికాలంలో ఆ రాయి ఎంత చల్లగా ఉంటుందో కాజల్ అప్పుడు తెలుసుకుంది. పాదాల గదిలో ఆమె రోగి కాలు పట్టుకుని, తలెత్తకుండా, "మీ చెప్పు లోపల కుడి అంచు రాస్తుంది, మార్చుండి" అని చెప్పేది. వాళ్ళు మార్చుకునేవారు. అందరి సోయీ ఆమె దగ్గరికి రాలేదు. వచ్చినా రాకపోయినా ఆమె అందరి పాదాలనూ అద్దం పెట్టి చూసింది. ఎవరి వేలయినా నల్లబారితే ఆ పూటే డాక్టర్‌ను పిలిచేది.

మాండవి నుంచి వచ్చిన లీలాబాయి కథ ఇంకో తీరు. అడవి ఊరి మనిషి, చెప్పులంటే గిట్టదు. ఆమె పుండు కూడా ఆ గదిలో కూర్చుని కూర్చుని మానింది, కాని సోయి తిరిగి వెళ్ళలేదు. డాక్టర్ మళ్ళీ మళ్ళీ పోగుతో చూసింది. తెలిసింది కాజల్‌కే. "ఇది ఇక నీ దగ్గరే ఉంటదేమో" అన్నది డాక్టర్. లీలాబాయి బాధపడలేదు. "పిల్ల దగ్గర ఉంటే నాకు కావలి ఉన్నట్టే" అని కొంగున కట్టుకొచ్చిన ఇప్పపూలు కాజల్ ఒళ్ళో పోసి, మెత్తటి చెప్పులు వేసుకుని మాండవి బస్సెక్కింది.

ఇప్పుడు కాజల్ పనిలో ఉన్నంతసేపూ ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మేనమామ ఇంటి వరండాలో కుర్చీ ఆపుకుని చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది. నాందేడ్‌లో ఎండ కాస్తోంది. హఠాత్తుగా ఆమె అరికాళ్ళ కింద తడిసిన టేకాకులు పరుచుకున్నాయి. పెద్దవి, గరుకువి, కింద నీళ్ళు నిలిచినవి. అడుగు వేస్తే ఆకు మెల్లగా కుంగుతోంది. దాని కింది మట్టి ఇంకా వెచ్చగా ఉంది. అక్కడ ఇప్పుడే వాన పడి వెలిసింది. కాజల్ ఎన్నడూ మాండవి పోలేదు, ఆ అడవి చూడలేదు. చిక్కుడుకాయ చేతిలో ఉండగానే ఆమె కొంచెం దూరం నడిచింది. ఇంకొంచెం నడిచింది.

తర్వాత ఫోను తీసి నంబరు నొక్కింది. అవతల పక్షుల కూతలు వినిపించాయి.

"లీలామావ్‌శీ," అన్నది కాజల్, "మస్తు మంచిగున్నది. ఇగ చెప్పులేస్కో."